ఫైలుకి మూడు నిద్రలు

అనుమతుల శాఖ మంత్రిగారు ఆ రోజు ఆఫీసు మెట్ల మీద నిలబడి ఒక చారిత్రాత్మకమైన ప్రకటన చేశారు. చారిత్రాత్మకమని వారి చేతి కాగితంలోనే రాసి ఉంది కాబట్టి అనుమానం అక్కర్లేదు.

"ఇకనుంచి మన శాఖలో కంప్యూటర్‌కి సీడీ పెట్టే పని లేదు! పెన్‌డ్రైవ్ గుచ్చే పని లేదు! నలభై కంప్యూటర్లకి ఒకే ఒక్క సర్వరు! స్విచ్ వేస్తే చాలు, తీగలోంచి లైనక్స్ దిగుతుంది! దీనికి 'నిత్యనూతనం' అని నేనే పేరు పెట్టాను!"

చప్పట్లు మోగాయి. నా చేతులు అప్పుడు టైపు మిషను మీద ఉన్నాయి. తీసి మరీ కొట్టాను.

ఆ ఆఫీసు గేటు పక్కన, రేకు కింద, బల్ల వేసుకుని అర్జీలు టైపు చెయ్యడం నా వృత్తి. చదువు బళ్ళో వచ్చింది కాదు. తిరగ్గొట్టిన అర్జీలు ఎందుకు తిరగ్గొట్టారా అని చదివి చదివి వచ్చింది. మంత్రిగారిని తిట్టేవాళ్ళు ఊరంతా ఉన్నారు. జరిగిన మంచిని జరిగినట్టు చెప్పేవాడు ఒక్కడైనా ఉండాలి గదా అని ఇది రాస్తున్నాను.

ప్రకటన చివర మంత్రిగారు ఇంకో మాట కూడా అన్నారు. పాత పర్మిట్లన్నీ నేటితో రద్దు. కొత్త పర్మిట్లు కొత్త కంప్యూటర్లలోంచే పుడతాయి. నెలాఖరుకి కొత్త పర్మిట్టు చూపించని తోపుడుబండి రోడ్డు మీద కనపడకూడదు. ఈ మాటకి చప్పట్లు కొంచెం పలచబడ్డాయి.

నా బల్లకి నాలుగడుగుల దూరంలో ఇస్త్రీ అక్క బండి. బొగ్గుల పెట్టె ఎత్తి పట్టుకునే వింది.

"ఏమన్నాడు?"

"నీ పర్మిట్టు పోయిందన్నారు."

"నవ్వుతూ చెప్పాడే!"

"పెద్దవాళ్ళు అలాగే చెప్తారక్కా."

ఆమె పెట్టె దించి, మంత్రిగారి చొక్కా కాలరు మీద అదిమింది. మంత్రిగారి బట్టలన్నీ ఆ బండి మీదే ఇస్త్రీ అవుతాయి. వారి డ్రైవరు పొద్దున తెచ్చి పడేసి, సాయంత్రం తీసుకుపోతాడు. అక్క మొగుడు నిచ్చెన మీంచి పడి, నడుం దెబ్బతిని, రెండేళ్ళుగా మంచం దిగలేదు. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ముందు ఈ బొగ్గులు వెలగాలి.

ఆమె మరిదే ఆ సర్వరు పెట్టినవాడు. పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఎప్పుడూ మెడలో వైరు చుట్ట వేసుకుని తిరుగుతాడని అందరూ తీగలాయన అంటారు. కాంట్రాక్టు ఉద్యోగం. ఉదయం ఉంటుంది, సాయంత్రం ఉంటుందో లేదో ఆఫీసరుగారి మూడ్‌ని బట్టి.

టీ తాగుతూ నాకూ, డ్రైవరుకీ సర్వరంటే ఏమిటో విడమరిచి చెప్పాడు.

"కంప్యూటరు నిద్ర లేవగానే దానికి తానెవరో తెలీదన్నా. తీగ మీద ఒక కేకేస్తుంది. 'ఎవరైనా ఉన్నారా? నేనెవర్ని? నేనేం చెయ్యాలి?' అని. అప్పుడు సర్వరు పలుకుతుంది. 'నువ్వు పదిహేడో నంబరువి. ఇదిగో లైనక్స్, వేసుకుని పనిలోకి దిగు' అంటుంది."

"అచ్చం మా పార్టీ కుర్రాళ్ళలాగే" అన్నాడు డ్రైవరు.

"మరి రోజూ లేస్తుంది గదా. రోజూ వేస్తుందా?" అన్నాను.

"రోజూ వేస్తే కొంప మునగదూ! వెయ్యడమంటే లోపలున్నదంతా తుడిచెయ్యడం. అందుకని తెర మీద రెండు వరుసలు పెట్టాను. పై వరుస 'ఉన్నదాంతో మొదలవు'. కింది వరుస 'అంతా తుడిచి కొత్తది వెయ్యి'. పది సెకన్లు చూస్తుంది. ఎవరూ మీట నొక్కకపోతే పై వరుస దానంతటదే పడుతుంది. గొడవ లేదు."

ఇంత చక్కటి ఏర్పాటులో ఒక ఘోరమైన తప్పుందని మా ఇద్దరికీ తట్టలేదు. అది పట్టుకోవడానికి ప్రోటోకాల్ ఆఫీసరు కావలసి వచ్చింది.

ప్రారంభోత్సవానికి ముందురోజు కుర్చీల వరుస టైపు చెయ్యమని నన్ను లోపలికి పిలిచారు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఎవరి కుర్చీకి చేతులుండాలి, ఎవరిదానికి ఉండకూడదు అన్నది కాగితం మీద పెట్టే పని. ప్రోటోకాల్ ఆఫీసరు వెనక్కి చేతులు కట్టుకుని తెర ముందు ఆగాడు.

"ఇదేంటి? మంత్రిగారి పథకం పేరు ఏదీ?"

"రెండో వరుసకి అదే పేరు పెడతాను సార్. 'నిత్యనూతనం' అని" అన్నాడు తీగలాయన.

"రెండో వరుసలోనా?"

"అవున్సార్."

"మొదటి వరుసలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సార్. డిస్కు."

"ఈ డిస్కుది ఏ హోదా?"

"హోదా లేదు సార్. లోపల ఉంటుంది."

"హోదా లేనివాడు పైన, మంత్రిగారు కిందా! నా ఇరవై ఏళ్ళ సర్వీసులో మంత్రిగారిని ఎవరి కిందా కూర్చోబెట్టలేదు. మార్చు."

"సార్, పై వరుసే పదో సెకనుకి దానంతటదే పడుతుంది. మారిస్తే రోజూ తుడిచేస్తుంది."

"తుడవనీ. శుభ్రంగా ఉంటుంది."

"ఫైళ్ళు పోతాయి సార్. ఫైళ్ళన్నీ ఆ డిస్కుల్లోనే ఉంటాయి. వేరేచోట దాచుకునే మిషను రెండో విడతలో ఇస్తామన్నారు."

ప్రోటోకాల్ ఆఫీసరు నా వైపు తిరిగాడు. "చూశావా? వీళ్ళకి చదువుంటుంది, సంస్కారం ఉండదు." మళ్ళీ అటు తిరిగి, "నీ కాంట్రాక్టు ఎప్పటిదాకా?" అన్నాడు.

తీగలాయన వరుసలు మార్చాడు. అరనిమిషం పట్టలేదు. అంతటి పాలనా సంస్కరణ అంత తక్కువ సమయంలో జరగడం నేనెన్నడూ చూడలేదు.

మర్నాడు మంత్రిగారు స్విచ్ వేశారు. నలభై తెరలూ ఒక్కసారి వెలిగాయి. నలభై తెరల మీదా మొదటి వరుసలో వారి పథకం మెరిసింది. పది సెకన్ల తరవాత నలభై కంప్యూటర్లూ తమంతట తామే పథకాన్ని ఎంచుకున్నాయి.

"చూశారా!" అన్నారు మంత్రిగారు. "ఎవరూ చెప్పకుండానే నన్ను ఎన్నుకున్నాయి!"

వారి కళ్ళు చెమర్చాయి. ఎన్నికల్లో అంత తేలిగ్గా జరిగింది కాదు మరి.

ఆ రోజు రెండు వందల పైచిలుకు అర్జీలు వచ్చాయి. అర్జీ నేను కాగితం మీద కొడతాను. మొదటి బల్ల గుమస్తా ఆ కాగితం చూసి కంప్యూటర్లో ఎక్కించి, కాగితం మళ్ళీ మన చేతిలోనే పెడతాడు. దాన్ని కాగితరహిత కార్యాలయం అంటారు. ఇస్త్రీ అక్కది పదకొండో అర్జీ. సాయంత్రం కరెంటు పొదుపు సర్క్యులరు ప్రకారం కాపలావాడు మెయిన్ స్విచ్ దించి ఇంటికి పోయాడు. ఆ సర్క్యులరుని పాటించేవాడు ఆ భవనంలో వాడొక్కడే.

మర్నాడు పొద్దున కంప్యూటర్లు లేచాయి. నేనెవర్నని కేకేశాయి. పది సెకన్లు చూశాయి. తుడుచుకున్నాయి.

పెద్దాఫీసరుగారి అరుపులు గేటు దాకా వినిపించాయి. "ఎక్కడయ్యా రెండు వందల ఫైళ్ళు? ఎక్కడ?" తీగలాయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మెడలో వైరు చుట్ట ఆ సమయానికి ఉరితాడులా కనిపించింది. "నేను ముందే చెప్పాను సార్" అంటున్నాడు. ముందే చెప్పడంకంటే పెద్ద నేరం ఏ ఆఫీసులోనూ లేదు. ఆఫీసరుగారు అతని కాంట్రాక్టు రద్దు చేస్తూ ఉత్తర్వు కొట్టమని నన్నే పిలిపించారు. నేను కాగితం ఎక్కిస్తుండగా ఫోను మోగింది.

మంత్రిగారు. ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"చిత్తం సార్... పెండింగు రిపోర్టా సార్? ఇప్పుడే..." తెర వైపు చూశారు. చెమట తుడుచుకున్నారు. "సార్... సున్నా సార్."

అవతల మంత్రిగారి గొంతు నాకూ వినపడింది. "సున్నానా? పెండింగు సున్నానా? నిన్న రెండు వందలు వస్తే ఇవాళ సున్నానా?"

"అవున్సార్."

"నా ముందు మంత్రి పన్నెండేళ్ళు ఉన్నాడయ్యా! నాలుగు వేల కంటే కిందికి రాలేదు! ఎవరయ్యా చేసింది?"

ఆఫీసరుగారు తీగలాయన వైపు చూశారు. తరవాత కిటికీ వైపు చూశారు. "మా సమష్టి కృషి సార్."

ఫోను పెట్టేసి నాతో అన్నారు. "ఆ రద్దు కాగితం తీసెయ్. అభినందన కాగితం ఎక్కించు. నా పేరు మీద."

ఇక అక్కడినుంచి ఆఫీసు గాడిలో పడింది. పాఠకులకి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఆఫీసులో ఎప్పటినుంచో ఒక ఆచారముంది. ఫైలు ప్రతి బల్ల మీదా ఒక రాత్రి నిద్ర చెయ్యాలి. పొద్దున వచ్చిన ఫైలు సాయంత్రానికే సంతకమై వెళ్ళిపోతే, "ఏం, బాగా ముట్టిందా?" అని పక్క బల్ల అడుగుతుంది. నిద్ర చేసిన ఫైలుకి ఆ మచ్చ ఉండదు. కంప్యూటర్లు వచ్చినా గుమస్తాలు నీతి తప్పలేదు. పర్మిట్టుకి మూడు బల్లలు, కాబట్టి మూడు నిద్రలు. బండి తొలగించడానికి ఒకే బల్ల, కాబట్టి ఒకే నిద్ర.

నిత్యనూతనం వచ్చాక ఏ ఫైలూ ఒక్క నిద్ర కూడా పూర్తి చెయ్యలేదు.

ఇస్త్రీ అక్క రోజూ పొద్దున నా దగ్గరికి వచ్చేది. అర్జీ మీద ఆ రోజు తేదీయే ఉండాలని నియమం. కాబట్టి రోజూ కొత్తగా కొట్టేవాణ్ణి. రోజూ ఆమె మొదటి బల్ల దగ్గరికి వెళ్ళేది.

"ఇదే మొదటిసారా రావడం?" అని అడిగేవాడు గుమస్తా.

"పద్దెనిమిదోసారి నాయనా!"

"కంప్యూటర్లో లేదే."

"నువ్వున్నావు గదా! నిన్న నీ చేత్తోనే కొట్టావు గదా!"

"నేనుంటే ఏం లాభమమ్మా? నేను రికార్డుని కాదు."

గుమస్తా చెడ్డవాడు కాదు. తన పెళ్ళి చొక్కా కూడా అక్క దగ్గరే ఇస్త్రీ చేయించుకున్నాడు. కాని కంప్యూటరు చూడమన్నదే చూస్తాడు.

నెలాఖరు దాటింది. పర్మిట్టు లేదు. తొలగింపుల దళం నలుగురు మనుషులూ, ఒక లారీతో బండి ముందు దిగారు. మా తీగలాయన అదిరిపోయి పరుగెత్తుకొచ్చాడు. అక్క మాత్రం పెట్టెలో బొగ్గులు విసురుతూనే ఉంది.

"ఆర్డరేది?" అంది.

దళపతి లోపలికి వెళ్ళాడు. పది నిమిషాల తరవాత తల గోక్కుంటూ వచ్చాడు. "నిన్న సాయంత్రం కొట్టించాం. ఇవాళ లేదంటున్నారు. మళ్ళీ కొట్టారు. ఒక నిద్ర చెయ్యాలట."

"అయితే రేపు రా."

మర్నాడు వచ్చారు. ఆర్డరు లేదు. ఆ మర్నాడూ లేదు. అయిదో రోజుకి దళం వాళ్ళు వచ్చేటప్పుడు యూనిఫారాలు మడిచి సంచిలో తేవడం మొదలెట్టారు. ఆర్డరు కోసం దళపతి లోపల నిలబడేలోపు వాళ్ళ చొక్కాలు ఇస్త్రీ అయిపోయేవి.

"ఇంత మంచి చెయ్యి నీది, నీ బండి పీకాల్సి రావడం నాకు బాధగా ఉంటుందక్కా" అనేవాడు దళపతి.

"బాధపడకు. చెయ్యెత్తు, చంకలో చిరుగుంది, కుట్టేస్తాను."

బతకనిచ్చే ఫైలూ బతకడం లేదు, చంపే ఫైలూ బతకడం లేదు. మధ్యలో అక్క బతికింది. తీగలాయన నా బల్ల మీద కూర్చుని అన్నాడు. "అన్నా, నేను చేసిన తప్పే మా వదినకి గొడుగైంది. ఆ వరుసలు మాత్రం ఎవరూ ముట్టుకోకుండా ఉంటే చాలు."

మంత్రిగారి అదృష్టం అలా ఉండనివ్వలేదు. పై ప్రభుత్వం 'సున్నా పెండింగు పురస్కారం' అని ఒకటి ప్రకటించింది. నలభై ఎనిమిది రోజులు వరసగా సున్నా చూపించిన శాఖ ఇంకొకటి లేదు. శుక్రవారం సభ. మంత్రిగారు సభకోసం ప్రత్యేకంగా బూడిదరంగు కోటొకటి కుట్టించారు. ఆ కోటుతో ఫోటో దిగి, ఊరంతా నిలువెత్తు బొమ్మలు కూడా పెట్టించారు. ఇక మిగిలింది ఒక్కటే. పురస్కారం ఇమ్మని ఈ శాఖ నుంచి సిఫార్సు ఫైలు వెళ్ళాలి.

ఫైలు కొట్టారు. పొద్దున లేదు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ లేదు.

మంగళవారం మంత్రిగారే దిగారు. నేను ఆఫీసరుగారి గదిలో సిఫార్సుకి ఆరోసారి విశేషణాలు మారుస్తున్నాను.

"నా అవార్డు ఫైలు ఏమైంది?"

"మీ పథకం సార్..." అన్నాడు తీగలాయన. "తుడిచేస్తోంది."

"నా ఫైలుని నా పథకం తుడుస్తుందా? దానికి నేనెవరో తెలీదా?"

"దానికి అదెవరో కూడా తెలీదు సార్, పొద్దున లేవగానే."

మంత్రిగారు గది రెండుసార్లు కొలిచారు. "మూడు బల్లలు, మూడు నిద్రలన్నారు. నా ఫైలుకి రెండు నిద్రలు మాఫీ చేస్తున్నాను. ఒక్కటి మాత్రం ఉండనివ్వండి. అసలు నిద్రే లేకపోతే జనం ఏమనుకుంటారు? ఈ ఒక్క రాత్రికి ఆ తుడవడం ఆపు."

తీగలాయన ముందుకి జరిగాడు. "ఆ ఫైలున్న కంప్యూటరు ఒక్కదానికే ఆపుతాను సార్. మిగిలిన ముప్పై తొమ్మిదీ అలాగే ఉండనిద్దాం."

"కుదరదు" అన్నారు ఆఫీసరుగారు. "పథకం సర్క్యులర్లో 'అన్ని కంప్యూటర్లు' అని ఉంది. ఒకదానికి ఒక న్యాయం, ఇంకోదానికి ఒక న్యాయం పెడితే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు."

"సార్, అన్నిటికీ ఆపితే లోపలున్న మిగతా ఫైళ్ళు కూడా మిగులుతాయి సార్."

"మిగిలితే?" అన్నారు మంత్రిగారు. "మర్నాటి రాత్రికి మళ్ళీ తుడిచెయ్యి. శుక్రవారానికి నాకు సున్నా కావాలి."

తీగలాయన ఆ సాయంత్రం బండి దగ్గరికొచ్చాడు.

"వదినా, రేపు పొద్దున బండి పెట్టకు."

"ఎందుకూ?"

"ఇవాళ ఫైళ్ళు నిద్ర చేస్తాయి. నీ పర్మిట్టుకి మూడు నిద్రలు కావాలి. ఆర్డరుకి ఒక్కటి చాలు."

అక్క బండి మీద దండెం వైపు చూపించింది. బూడిదరంగు కోటు అక్కడే వేలాడుతోంది. "ఇదేంటో తెలుసా? మంత్రిగారి అవార్డు కోటు. దీని అంచు పట్టుకునే దమ్ము ఎవడికుందిరా? ఇది ఉన్నన్నాళ్ళూ నా బండికి పర్మిట్టెందుకు?"

"వాళ్ళు ఆర్డరు చదువుతారు వదినా, కోటు చదవరు."

"పోరా పిచ్చోడా. రేపు మధ్యాహ్నం డ్రైవరొచ్చి తీసుకెళ్తాడు. బండి లేకపోతే కోటెక్కడ తగిలించను? మీ అన్నయ్య మంచానికా?"

తీగలాయన లోపలికి వెళ్ళి వరుసలు మార్చాడు. 'ఉన్నదాంతో మొదలవు' పైకి. మంత్రిగారు కిందికి. ప్రోటోకాల్ ఆఫీసరు ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. చూసి తట్టుకోలేనన్నాడు.

బుధవారం పొద్దున నలభై కంప్యూటర్లూ లేచి, ఏమీ తుడుచుకోకుండా, నిన్నటిని గుర్తుపెట్టుకుని మొదలయ్యాయి. గుమస్తాలు కంగారుపడ్డారు. మొదటి బల్లాయన ఇస్త్రీ అక్క అర్జీని తెర మీద చూసి, "అరే, ఉందే!" అని పక్క బల్లాయనకి చూపించాడు. రెండో బల్లకి పంపించాడు కూడా. ఒక నిద్ర అయింది. ఇంకా రెండు.

సిఫార్సు ఫైలు సంతకమై వెళ్ళిపోయింది.

తొమ్మిదింబావుకి దళపతి చేతిలో కాగితంతో వచ్చాడు. ఒంటి మీద అక్క ఇస్త్రీ చేసిన చొక్కా. గీత చెడలేదు.

"వచ్చిందక్కా" అన్నాడు. తల ఎత్తలేదు.

"ఆ కోటు ఎవరిదో తెలుసా నీకు?"

"తెలుసక్కా. కాగితంలో 'బండి మరియు దానిపై గల సమస్తం' అని ఉంది. సమస్తంలో ఎవరిదని లేదు."

నలుగురూ బండిని లారీ ఎక్కించారు. బొగ్గులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కోటు దండెం మీద ఊగుతూ వెళ్ళిపోయింది. అక్క లారీ మలుపు తిరిగేదాకా చూసి, చేతిలో మిగిలిన నీళ్ళ సీసా నా బల్ల మీద పెట్టింది. ఏడవలేదు. "పెట్టె ఇంకా చల్లారలేదు, పక్కకి దించమను. బండి కాలిపోతుంది" అంది.

ఆ సాయంత్రం మంత్రిగారి ఆజ్ఞ ప్రకారం వరుసలు మళ్ళీ తారుమారయ్యాయి. గురువారం పొద్దున పెండింగు సున్నా.

గురువారమే డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. నిన్న మధ్యాహ్నం నేను లోపలున్నప్పుడు వచ్చి, బండి లేకపోవడం చూసి, ఇంటికి తోసుకెళ్ళి ఉంటుందనుకున్నాడట. ఆఫీసు వెనకే గోడౌను. అక్కా, డ్రైవరూ, నేనూ ముగ్గురం వెళ్ళాం. జల్లెడ తలుపు వెనక బండి నిక్షేపంగా ఉంది. కోటు కూడా.

"అదిగో, మా కోటు. తియ్యి" అన్నాడు డ్రైవరు.

గోడౌను గుమస్తా తెర చూశాడు. "ఏ బండి?"

"నీ వెనకాలదే!"

అతను వెనక్కి తిరిగి చూడలేదు. "నా దగ్గర పట్టుకున్న బండి లేదు. పట్టుకోని బండిని విడిపించడం కుదరదు. పట్టుకున్నారని ఆర్డరు తెండి."

"ఆర్డరు కాగితమే ఇచ్చారు గదా దళానికి!" అన్నాను.

"కాగితరహిత కార్యాలయం. పనైపోగానే చింపేస్తారు."

డ్రైవరు ఫోను తీసి మంత్రిగారికి చెప్పాడు. మంత్రిగారు ఆఫీసరుగారికి చేశారు. ఆఫీసరుగారు నిజం చెప్పారట. "సార్, పురస్కారం కమిటీ వాళ్ళు పై గదిలోనే కూర్చున్నారు. రికార్డులో లేని బండిని బయటికి తీస్తే, మిగిలినవి ఎక్కడున్నాయని అడుగుతారు సార్. అర్జీ పెట్టుకోమనండి. దారి అదే."

విడుదలకి ఎన్ని బల్లలని అడిగాను. మూడన్నాడు గుమస్తా.

శుక్రవారం సభలో మంత్రిగారు డ్రైవరు కోటు వేసుకుని పురస్కారం అందుకున్నారు. చేతులు మోచేతుల దాకానే వచ్చాయి. నిలువెత్తు బొమ్మ వెనకే ఉంది కాబట్టి ఎవరికీ లోటు తెలియలేదు. వారి నిరాడంబరత్వం గురించి మర్నాడు పేపర్లన్నీ రాశాయి. నేనూ రాసేవాణ్ణే. ఖాళీ లేకపోయింది. ఆ వారం అర్జీలు ఎక్కువ.

తరవాతి వారం మంత్రిగారు రెండో విడత ప్రకటించడానికి వచ్చారు. ఇలాంటి సర్వర్లు అన్ని శాఖల్లోనూ పెడతారట. భవనం చుట్టూ తిప్పి చూపిస్తూ ఆఫీసరుగారు పొరపాటున గోడౌను వైపు తీసుకెళ్ళారు. మంత్రిగారు జల్లెడ తలుపు దగ్గర ఆగారు. లోపల మసకలో బండి, బండి మీద దండెం, దండెం మీద బూడిదరంగు కోటు. పక్కన కమిటీ పెద్దమనిషి ఉన్నాడు.

"ఎవరిదండీ ఆ కోటు?" అన్నాడు కమిటీ పెద్దమనిషి. "బాగుందే."

ఆఫీసరుగారు గోడౌను గుమస్తా తెర చూశారు. "రికార్డులో లేదండీ."

మంత్రిగారు కోటు వైపు చాలాసేపు చూశారు.

"అయితే లేనట్టే" అని ముందుకి నడిచారు.

ఇది రాస్తున్న పొద్దున కూడా తలుపులు తియ్యకముందే నా రేకు కింద వరస కట్టారు. ముందు ఇస్త్రీ అక్క, బండి విడుదల గురించి. దళం వాళ్ళ ఇస్త్రీలేని యూనిఫారాల సంచి ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. ఇంట్లో ఉత్త చెంబులో నిప్పులు వేసి రుద్దుతోందట. డ్రైవరు రొప్పుతూ వచ్చి ఆమె ముందుకి దూరబోయాడు.

"అక్కా, నిన్న ముందొచ్చింది నేనే. మంత్రిగారి కోటు అర్జీ నీకంటే ముందెళ్ళింది. అడుగు అన్నని."

అక్క కదలలేదు.

"నిన్నెక్కడిది తమ్ముడూ ఈ ఆఫీసులో? వెనక్కెళ్ళి లైన్లో నిలబడు."

నేను కాగితం ఎక్కించి, ఇవాళ్టి తేదీ కొట్టాను.